నీలం డబ్బాలో బామ్మ

మసునో బామ్మ దిండు మీంచి లేవడం లేదు.

పొద్దున్న ఏడింటికి కూర్చుంది. ఇప్పుడు పదకొండున్నర. భూకంపం వచ్చి ఇల్లు కదిలినా కదులుతుందేమో గానీ ఆవిడ కదిలేట్టు లేదు. ఆ దిండు కింద పాత సినిమా డిస్కు ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. నీలం డబ్బా మూల ఒకటి బయటికి తొంగిచూస్తూనే ఉంది.

"అమ్మా, లే. పగిలిపోతుంది," అన్నాడు కత్సుజి. తమ సోయా పన్నీరు కొట్లో టోఫూ తొట్టి దగ్గర్నుంచి అలాగే వచ్చేశాడు, రబ్బరు బూట్లు గుమ్మంలో వదిలి, తడి ఏప్రన్‌తో. యాభై ఏళ్ళ మనిషి, తల్లి ముందు బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"పగిలితే పగలనీ."

"నెల ముందు చెప్పి తెప్పించాను!"

"నా బొమ్మ ఉన్న డిస్కు. నెత్తిన పెట్టుకుంటా, కింద పెట్టుకుంటా. నీకేం?"

కోడలు నోబుయే వేడి వేడి టీ తెచ్చింది. మెల్లగా గది అవతలి చివర పెట్టింది. "అత్తయ్యా, ఇలా వచ్చి తాగండి. కిటికీ దగ్గర ఎండ బావుంది."

"ఎండని ఇక్కడికే పట్రా," అంది బామ్మ. "నీ ఎత్తులు నాకు తెలీవనుకోకు నోబుయే. నేనూ ఒకప్పుడు కోడల్నే."

"బామ్మా, బాత్రూంకైనా వెళ్ళవా?" అంది మనవరాలు చిగుసా, బిక్కమొహం పెట్టి.

"మూడు రోజులు ఆపుకోగలను. యుద్ధం రోజులు చూసినదాన్ని."

పక్కింటి స్నానాల కొట్టులో వేడినీళ్ళ పొయ్యి రాజేసేవాణ్ణి నేను. పొయ్యి మధ్యాహ్నం దాకా ముట్టించక్కర్లేదు కాబట్టి ఇలాంటి విషయాల్లో తీర్పు చెప్పడానికి ఎప్పుడూ ఖాళీయే. "బామ్మా," అన్నాను, "కిందటి ఆదివారం ఈ డిస్కు వచ్చినప్పుడు పెద్దల మందిరంలో పెట్టి అగరొత్తి వెలిగించింది మీరే కదా? 'నా మొహం రాబోతోంది' అని వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా మూడుసార్లు తిరిగిందీ మీరేనా?"

"ఒతోమాత్సూ, నీ పొయ్యి సంగతి నువ్వు చూసుకో."

అదీ వరస. వారం కిందట ఆవిడంత సంబరం ఎవరికీ లేదు. తర్వాత ఒక సాయంత్రం చిగుసా డబ్బా వెనక ఉన్న ముక్కలు పైకి చదివింది. ఈ కొత్త రకం డిస్కులో హీరో విగ్గు అతుకు కనిపిస్తుందట, వాన చినుకులు లెక్కపెట్టుకోవచ్చట. చదవడం అయ్యేసరికి బామ్మ చేతిలో బత్తాయి తొన ఆగిపోయింది. అప్పట్నుంచి ఆవిడకి ఆ డిస్కూ వద్దు, ఆడించే పెట్టే వద్దు.

ఇక్కడ మా ఉజుమాసా సంగతి ఒక ముక్క చెప్పాలి. సినిమా స్టూడియోల పక్కన పుట్టిన ఊరు. కత్తియుద్ధాల సినిమాలో చావని మగాడు మా వీధిలో లేడు. నేనే పదకొండు సార్లు చచ్చాను. ఒకసారి పొద్దున్న వంతెన మీద చచ్చి, సాయంత్రం అదే వంతెన మీద మళ్ళీ చచ్చాను. జనం తక్కువైతే స్టూడియో మనిషి వీధిలోకొచ్చి గంట కొట్టేవాడు. ఎవరి పని వాళ్ళు వదిలేసి జుట్టు ముడి తగిలించుకుని పరుగెత్తేవాళ్ళం.

అలాగే పరుగెత్తింది మసునో బామ్మ, ఇరవై ఒక్కేళ్ళప్పుడు. వంతెన మీద హీరో ఏడుగురిని నరుకుతుంటే వెనక జడుసుకుని చూసే జనంలో, ఎడమ నుంచి ఏడో మనిషి. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్ల కథ చెప్పడానికి ఆవిడకి రెండు గంటలు పట్టేది. ఎవరు తుమ్మారు, ఎవరి చెప్పు తెగింది, గుర్రం పేరేమిటి, అన్నీ చెప్పేది. టేపులో చూశాం, మసక. డీవీడీలో చూశాం, కాస్త ఖరీదైన మసక. ఏడో మనిషి ఉండాల్సిన చోట తెల్లగా ఒక మచ్చ. అది మసునో కాదు, ఆరబెట్టిన ముల్లంగి కట్ట అని గొడుగుల షాపు కినుయో వీధంతా చాటింది. సగం వీధి ముల్లంగి పక్షానికి వెళ్ళిపోయింది.

ఒక్క మనిషి మాత్రం ఎప్పుడూ బామ్మ పక్షమే. ఆవిడ మొగుడు హేసాకు తాతయ్య. ఆ పొద్దున ఆయన గోడకి ఆనుకుని నల్లకళ్ళద్దాలతో కూర్చున్నాడు. నెల కిందటే రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. అప్పట్నుంచి లోకాన్ని ఆయనే కొత్తగా కొనుక్కున్నట్టు చూస్తున్నాడు. కట్టు విప్పిన రోజు పెళ్ళాం మొహం చూసి "నీకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయే?" అని అడిగాడు పాపం. ఆ పూట అన్నం పుట్టలేదు.

"మసునో," అన్నాడు ఆయన మెల్లగా. "నిన్ను ఇరవై ఒకటిలో ఒక్కసారి చూస్తానే."

"ఇరవై మూడులో పెళ్ళి చేసుకున్నారుగా. రెండేళ్ళలో ఏం మారిపోయుంటాను?"

"పెళ్ళిచూపుల్లో నువ్వు తలెత్తలేదు. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి, నేనూ ఎత్తలేదు. మర్నాటినుంచి మీ నాన్న నన్ను సోయా గంగాళం దగ్గర నిలబెట్టాడు. యాభై మూడేళ్ళుగా నిన్ను ఆవిరిలోంచే చూశాను."

నోబుయే ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. బామ్మ దిండు మీద కాస్త సర్దుకుంది. లేస్తుందేమోనని కత్సుజి చేతులు చాచాడు. లేవలేదు.

"అయినా పెట్టె ఏదీ?" అంది. "ఆడించే పెట్టె లేకుండా డిస్కు తెచ్చిన తెలివిగలవాడు నా కొడుకు. ఇసోకిచి అమ్మనంటున్నాడుగా."

అది నిజమే. అందరినీ తినేస్తున్న వింత కూడా అదే. మా వీధి ఎలక్ట్రిక్ షాపు ఇసోకిచి ఆగస్టులో మా ఆవిడకి హీటర్ అంటగట్టిన మనిషి. అలాంటివాడు రెండు నెలలుగా కత్సుజి వెళ్ళి అడుగుతుంటే "ఇప్పుడు కొనకు, ఆగు" అంటున్నాడు. కొత్త డిస్కుల్లో రెండు రకాలు వచ్చాయి, నీలం డబ్బాలవి, ఎర్ర డబ్బాలవి. ఒకదాని పెట్టెలో రెండోది ఆడదు. ఎవడు గెలుస్తాడో తేలేదాకా డబ్బు పోసుకోకు అని ఆయన మాట. వినడానికి బాగానే ఉంది గానీ, బేరం వద్దనే ఇసోకిచిని చూస్తే నాకు ఎండాకాలంలో మంచు పడ్డట్టుంది.

అప్పుడు పన్నెండయింది. చిగుసా టీవీ పెట్టింది. వార్తలు చదివే అమ్మాయి నవ్వకుండా చెప్పింది. ఎర్ర డబ్బాల పక్షం చేతులెత్తేసిందట. ఇక ఆ పెట్టెలు తయారు చెయ్యరట.

చిగుసా ఎంత ఎగిరిందంటే దీపం షేడు ఊగింది. "నాన్నా! నీలం గెలిచింది! మనది నీలం!"

"గెలిచామే!" అని కత్సుజి నన్ను కౌగిలించుకున్నాడు, ఆ యుద్ధంలో మేమిద్దరం పోరాడినట్టు. నేనూ ఏడ్చేశాను. "పద ఒతో! ఇప్పుడేం సాకు చెబుతాడో చూద్దాం!"

బామ్మ మొహం టోఫూ కన్నా తెల్లగా అయింది. అది నేనొక్కణ్ణే చూశాను.

*

మేం వెళ్ళేసరికి ఇసోకిచి షాపులో రేడియో కట్టేసి ఉంది. అంటే వార్తలు విన్నాడన్నమాట. డెబ్భై ఏడేళ్ళ మనిషి, ఎవరిదో రైస్ కుక్కర్ పొట్ట విప్పి అందులో తల దూర్చాడు.

"బాబాయ్! యుద్ధం అయిపోయింది!" అన్నాడు కత్సుజి.

"ఏ యుద్ధం?"

"వార్తలు చూళ్ళేదా?"

"వార్తలదేముంది. ఇవాళ ఒకటంటారు, రేపొకటంటారు." తల పైకెత్తలేదు. "వెనకటికి చిన్న టేపుల మిషన్లు గుర్తున్నాయా? అదే గెలుస్తుందని పదకొండు ఇళ్ళలో పెట్టాను. పెద్ద టేపు గెలిచింది. పదకొండు ఇళ్ళకీ వెళ్ళి తల వంచి వచ్చాను. నా నడుం అప్పుడే పట్టేసింది."

"ఇప్పుడు ఓడిపోయినవాడు ఓడిపోయానని టీవీలోనే చెప్పాడు బాబాయ్!"

"దీన్ని మించింది ఇంకోటి వస్తుంది. ఐదేళ్ళు ఆగు."

"ఐదేళ్ళా! నాన్నకి ఎనభై ఒకటి!"

"వైరు లేదు. ఆ రకం వైరు నా దగ్గర లేదు."

"మీ తలకి తగులుతున్నదేంటి మరి?" అన్నాను నేను. సరిగ్గా ఆయన నెత్తి మీదే కొత్త వైర్లు కట్ట కట్టి వేలాడుతున్నాయి. వాటి పక్క అరలో, దుమ్ము కూడా పడనివ్వకుండా తుడిచి పెట్టిన బ్లూ-రే పెట్టె, నీలం డబ్బాల రకానిది, ఉంది.

ఇసోకిచి వైర్ల కేసి చూశాడు. నా కేసి చూశాడు. "ఒతో, నీకు పొయ్యి లేదూ?"

ఆ రోజు ప్రతివాడికీ నా పొయ్యి మీదే బెంగ.

తలుపు జరిగింది. హేసాకు తాతయ్య వచ్చాడు. ఒంటరిగా, నల్లకళ్ళద్దాలతో, చేతిలో అప్పుడే వేయించిన టోఫూ ముక్కల పొట్లంతో. ఆయన వీధి దాటి రావడమే గొప్ప. వచ్చి, పొట్లం బల్ల మీద పెట్టి, నడుం వంచి నమస్కారం పెట్టాడు. పక్కింటివాడికి పెట్టే వంపు కాదది. కత్సుజి బిక్కచచ్చిపోయాడు.

"అన్నయ్యా! ఏంటిది, లే లే!" ఇసోకిచి కుక్కర్ మూత కింద పడేశాడు.

"ఇసోకిచీ, డాక్టరు నాకు కొత్త కళ్ళిచ్చాడు. ఎన్నాళ్ళుంటాయో తెలీదు. అవి ఉన్నప్పుడే చూడాలి. నేను తప్ప వీధంతా దాన్ని ముల్లంగి అంటోంది."

"అన్నయ్యా..." ఇసోకిచి గొంతు తగ్గించాడు. "కొన్ని మసగ్గా ఉంటేనే బావుంటాయి."

"శుక్లాలతో పన్నెండేళ్ళు మసగ్గా చూశాను. ఏం బావుండలేదు."

గోడగడియారాలన్నీ వేర్వేరు టైములు కొట్టుకుంటున్నాయి. ఇసోకిచి ఆ పొట్లం కేసి చూశాడు. తర్వాత స్టూలు జరుపుకుని, ఎక్కి, పైనుంచి పెట్టె దించాడు. దేవుణ్ణి దించినట్టు దించాడు.

"వారం ఉంచుకో," అన్నాడు. "నచ్చకపోతే తీసుకెళతాను."

అది ఆయన పద్ధతి. ఏ వస్తువైనా ముందు ఇంట్లో పెట్టి వెళతాడు, వారం తర్వాత వస్తాడు. ఇప్పటిదాకా మా వీధిలో ఒక్క వస్తువు కూడా వెనక్కి పోలేదు. వీధి మొత్తం మీద ఆయన చేతి మీదుగా రాని బల్బు లేదు. తాతయ్య పెళ్ళి నాటి రేడియో దగ్గర్నుంచి మొన్న కొత్త సంవత్సరానికి వచ్చిన గోడంత టీవీ దాకా అన్నీ ఇసోకిచివే. రాత్రి ఫ్యూజు పోతే పైజమాతో పరుగెత్తుకొస్తాడు. అందుకని ఇంకెక్కడో కొనాలన్న ఊహే మాకెవరికీ రాదు.

*

పెట్టె ఇంట్లోకి వస్తుంటే వీధిలో ఊరేగింపు తయారైంది. నేను ముందు, వైర్లు పట్టుకుని. కినుయో గొడుగుల షాపు వదిలేసి బియ్యపు అప్పడాల పొట్లంతో వచ్చి, పిలవకుండానే అడుగున హీటరుండే కొటాత్సు బల్ల దుప్పటి కింద కాళ్ళు పెట్టేసుకుంది.

"ముల్లంగి దర్శనానికి వచ్చాను," అంది.

మసునో బామ్మ దిండు మీదే ఉంది. ఇసోకిచి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఇద్దరి కళ్ళూ ఒక్క క్షణం కలిశాయి.

"వదినా," అన్నాడు ఇసోకిచి, నేల చూస్తూ.

"తెచ్చేశావా?" అంది ఆవిడ.

"అన్నయ్య వచ్చి అడిగాడు."

అంతే. ఇసోకిచి టీవీ వెనక్కి దూరాడు. ఒక్క వైరు పెట్టడానికి ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని స్టూడియోకి లైన్లు లాగిన మనిషి! ఈ షాపు పెట్టకముందు ఆయన అక్కడ లైట్లు మోసేవాడు. పన్నెండు పెద్ద దీపాలు ఒక్క చేత్తో ఎత్తేవాడంటారు. నేనైతే పదమూడు చూశాను.

"సిద్ధం," అన్నాడు చివరికి. "డిస్కు?"

అందరం దిండు కేసి చూశాం.

"ఇవ్వను," అంది బామ్మ.

"అమ్మా!"

"ఇవ్వనంటే ఇవ్వను. మీకు మసక చాలదా? యాభై ఏళ్ళు మసకతో బతికారుగా!"

"నేను చెప్పలా?" అంది కినుయో, అప్పడం కొరుకుతూ. "అందులో ఉంటే కదా ఇవ్వడానికి."

"కినుయో గారూ, ఊరుకోండి," అంది నోబుయే. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. తర్వాత వెళ్ళి అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, ఒకవేళ మీరు అందులో లేకపోయినా ఫరవాలేదు. మేమేం అనుకోం. ఎప్పుడో చిన్నతనంలో సరదాకి ఒక మాట చెప్పారు, అది అలా పెరిగిపోయింది, అంతేగా. మామయ్యగారికి నేను నచ్చజెబుతాను."

ఎంత ప్రేమగా అందో! ఆ ప్రేమకే బామ్మ భగ్గుమంది.

"లేకపోవడమా? నేనా? అందులో లేనా?"

లేచింది. ఆరు గంటల తర్వాత లేచింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో పడబోయి, చిగుసా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. దిండు ఒక కాలితో తన్నేసి, నీలం డబ్బా తీసి కత్సుజి చేతిలో కొట్టింది.

"పెట్టు! ఎడమ నుంచి ఏడు! లెక్కపెట్టుకోండి అందరూ!"

టీవీ వెనకనుంచి ఇసోకిచి "వదినా, వద్దు" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ చూళ్ళేదు. చూసినా ఆగేది కాదు.

*

నలుపూ తెలుపూ సినిమా. కానీ అలాంటి నలుపుని నేను ఎన్నడూ చూళ్ళేదు. సిరాబుడ్డిలో తల పెట్టినట్టుంది. వంతెన మీద మేకులు లెక్కపెట్టాను, నలభై ఒకటి. హీరో గడ్డం కింద చెమట బొట్టు జారి, ఎటు వెళ్ళాలో ఆలోచించుకుని, కుడివైపు తిరిగింది. నేను పదకొండు సార్లు ఎంత చక్కగా చచ్చానో ఎవరైనా ఇలా చూపిస్తే బావుండునని నాకు కడుపు మండింది.

"వస్తోంది, వస్తోంది!" చిగుసా రిమోట్ రెండు చేతులతో పట్టుకుంది.

హేసాకు తాతయ్య నల్లకళ్ళద్దాలు తీశాడు. టీవీకి రెండు మూరల దూరంలో కూర్చున్నాడు.

కత్తులు మెరిశాయి. కెమెరా జనం మీదికి తిరిగింది. ఒకటి, రెండు, మూడు... మేం అందరం గట్టిగా లెక్కపెడుతున్నాం, కినుయోతో సహా. ఆరు...

"ఆపు!"

ఏడు.

ముల్లంగి కాదు.

గుండ్రటి మొహం. కళ్ళు ఇంతింత చేసుకున్న పిల్ల. ముక్కు మీద పిండి మరక కూడా ఉంది, పొద్దున టోఫూ పని వదిలేసి పరుగెత్తుకొచ్చినట్టు. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి పైకెత్తి. మన మసునో! చిగుసా పక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్ళనుకుంటారు.

ఇల్లు దద్దరిల్లింది. కత్సుజి "అమ్మే! మా అమ్మే!" అని టీవీని కౌగిలించుకోబోతే నోబుయే వెనక్కి లాగింది. కినుయో అప్పడం నోట్లోంచి పడిపోయింది. నిజం చెప్పుకోవాలి, ఆవిడే ముందు చప్పట్లు కొట్టింది. నేను అరిచిన అరుపుకి మా స్నానాల కొట్టు పొగగొట్టం మీద కాకులు ఒసాకా దాకా పోయుంటాయి.

హేసాకు తాతయ్య అరవలేదు. తెర మీద ఆ బుగ్గ దగ్గర వేలు పెట్టాడు. తాకీ తాకనట్టు.

"ఇంత బావుండేదానివా," అన్నాడు. "నాకు చెప్పలేదేం?"

"రెండు గంటల సేపు చెబితే నిద్రపోయేవారుగా," అంది బామ్మ. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా గెలుపు. ఆ ఒక్క నిమిషం ఆవిడ భయం మర్చిపోయింది.

"బామ్మా," అంది చిగుసా. తెరకి బాగా దగ్గరగా వెళ్ళింది. "నీ చేతికి ఏంటది?"

పైకెత్తిన చెయ్యి. భయంతో నోటి దాకా ఎత్తినప్పుడు కిమోనో చేతి అంచు మోచేతి దాకా జారింది. మణికట్టు మీద ఒక గడియారం. తోలు పట్టీ, గుండ్రటి డయలు, అంకెలతో సహా.

సినిమా కథ జరిగింది మూడొందల ఏళ్ళ కిందట.

"మూడూ ఇరవై!" అని చదివింది చిగుసా.

అంతే, ఇక నవ్వులు. కత్సుజి నేల మీద పడి దొర్లాడు. "బామ్మా, షోగన్ల కాలంలో టైము చూసుకున్న ఆడది మీరొక్కరే!" అన్నాను. "హీరో ఏడుగుర్ని సరిగ్గా మూడింబావు నుంచి నరికాడని ఇప్పుడు తెలిసింది!" కినుయో కళ్ళు తుడుచుకుంటూ, "డైరెక్టరు చూసుంటే నిన్ను ఎనిమిదోదాన్ని చేసేవాడు మసునో!" అంది. నోబుయే కూడా చేత్తో నోరు మూసుకుని పగలబడింది.

తాతయ్య కూడా నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వుతూనే ఇంకాస్త ముందుకి వంగాడు.

"ఇది మగాళ్ళ గడియారం కదే," అన్నాడు.

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఒక్కోసారి ఆగింది. నాది చివర్న ఆగింది, సిగ్గేసింది.

"మీ నాన్నకి గడియారం లేదు," అన్నాడు తాతయ్య. "ఎండ చూసి గంగాళం దించేవాడు. నాకూ లేదు. కత్సుజి పుట్టాక కొన్నాను. ఇదెవరిది?"

టీవీ పక్కన ఇసోకిచి ఒక వైరుని చేతికి చుట్టుకుంటున్నాడు. విప్పుతున్నాడు. మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

"అన్నయ్యా, అది..."

"నేను చెబుతా," అంది బామ్మ. నిటారుగా కూర్చుంది. "ఇసోకిచిది. నాలుగింటికల్లా ఇంటికి రాకపోతే మా నాన్న కాళ్ళు విరగ్గొడతానన్నాడు. సాయంత్రం గంగాళం దించాలిగా. టైము ఎలా తెలుస్తుందని ఏడుస్తుంటే లైటు దించి వచ్చి, తన గడియారం కట్టాడు. షాటు అప్పుడు తియ్యడం మర్చిపోయాను. అంతే. అందులో ఏముంది?"

"ఏం లేదు," అన్నాడు తాతయ్య.

"మరి!"

"ఏం లేదు మసునో. ఎవరో పిల్ల ఏడుస్తుంటే నేనైనా కట్టేవాణ్ణి." ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "యాభై మూడేళ్ళుగా ఈ కథ వింటున్నాను. ఎవరు తుమ్మారో చెప్పావు. గుర్రం పేరు చెప్పావు. ఆ గుర్రానికి ఏ కాలు నొప్పో కూడా చెప్పావు. గడియారం సంగతి ఒక్కసారీ చెప్పలేదేం?"

బామ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. మా వీధిలో ఆవిడకి మాట రాకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"వీడూ చెప్పలేదు," అన్నాడు తాతయ్య. "నెలకి రెండుసార్లు నాతో కూర్చుని తాగుతాడు. బల్బులు మారుస్తాడు. నన్ను అన్నయ్యా అంటాడు. ఈ పెట్టె నాకు అమ్మనన్నాడు."

కుళాయి ఎక్కడో కారుతోంది. తెర మీద పిల్ల ఇంకా భయపడుతూనే ఉంది.

తాతయ్య లేచాడు. మేకుకున్న టోపీ తీసుకున్నాడు.

"కత్సుజీ, ఈ రకం పెట్టె కొంటున్నాం."

"నా... నాన్నా, కొంటున్నామా?"

"కొంటున్నాం. రోజూ చూస్తాను. చాలా బావుంది." టోపీ పెట్టుకున్నాడు. "కానీ ఇసోకిచి దగ్గర కాదు. ఇది వెనక్కి పట్టుకుపొమ్మను. నేను స్టేషన్ దగ్గర పెద్ద కొట్టుకి వెళుతున్నాను."

ఇంటి కప్పు కూలినా మేమంత ఉలిక్కిపడేవాళ్ళం కాదు. కినుయో దుప్పటి కింద కాళ్ళు లాక్కుంది. కత్సుజి నా కేసి, నేను నోబుయే కేసి, నోబుయే నేల కేసి. ఇసోకిచి మొహంలో రక్తం లేదు. చెంప మీద కొట్టినా బాగుండేది ఆయనకి.

తలుపు జరిగింది. తాతయ్య వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ట్రాము ఎక్కని మనిషి, వేగంగా, కొత్త కళ్ళతో.

ఇసోకిచి వంగి పెట్టె వెనక వైరు లాగబోయాడు.

"ముట్టుకోకు," అంది బామ్మ.

లేచింది. మేకుకి వదిలేసిన తాతయ్య మఫ్లర్ లాక్కుంది. గుమ్మంలో తన చెప్పులు కనిపించక కత్సుజి రబ్బరు బూట్లలో కాళ్ళు దూర్చింది. వెనక్కి తిరిగింది.

"ఇసోకిచీ, ఏం చూస్తున్నావ్? నువ్వూ రా."

"వదినా, నేనా? నేనొచ్చి ఏం..."

"ట్రాములో చెప్పేద్దాం. ఇంతకాలం దాచింది చాలు."

'చెప్పేద్దాం' అంది! 'చెబుతాను' కాదు!

మేమందరం ఒకరి మీద ఒకరు పడి గుమ్మంలోకి వచ్చాం. వీధి చివర ట్రాము ఆగి ఉంది. తాతయ్య మెట్టెక్కాడు. డెబ్భై ఆరేళ్ళ మసునో బామ్మ కొడుకు బూట్లతో టపటపా పరుగెత్తుతోంది, మఫ్లర్ గాల్లో ఎగురుతోంది. పది అడుగుల వెనక ఇసోకిచి, వైరు ఇంకా చేతికే చుట్టుకుని.

డ్రైవరు గంట కొట్టాడు.